శాలువాల బదులు బొంత: పాలమూరులో డెబ్బై ముక్కల పనిడైరీ

ముందు లెక్కలు చెప్పేస్తాను. పూర్తయిన బొంత వెడల్పు 126 అంగుళాలు, ఎత్తు 90 అంగుళాలు. ముక్కలు 70. బరువు 7 కిలోల 400 గ్రాములు. ఆగస్టు రెండో వారంలో మొదలైన పని డిసెంబరు 4 రాత్రి ముగిసింది. ఖర్చు 2,220 రూపాయలు. విరిగిన సూదులు 19. విప్పి మళ్లీ కుట్టిన పొడవెంతో కొలవలేదు. కొలిచి ఉంటే మధ్యలోనే మానేసేదాన్ని.

నేను మహబూబ్‌నగర్‌లో దర్జీపని చేస్తాను. మా వాడ సంఘం ఏటా డిసెంబరు 5న, స్వచ్ఛంద సేవకుల దినోత్సవం పేరుతో, ముప్పై శాలువాలు కప్పేది. ఐక్యరాజ్యసమితి 1985లో ఆ రోజును ప్రకటించింది. శాలువా ఒక్కోటి 150 చొప్పున మొత్తం 4,500 రూపాయలు. కప్పేవాళ్లు మారేవారు కానీ కప్పించుకునేవాళ్లు దాదాపు మారేవారు కాదు. రోగులను ఆసుపత్రికి ఉచితంగా చేర్చే ఆటో అన్న ఒకాయన నా కొట్టుకు ఏడు శాలువాలు మూటగట్టి తెచ్చి, "ఇవి దేనికైనా అస్తరుగా పనికొస్తాయా అక్కా?" అని అడిగాడు. పనికిరావు, జారుడు గుడ్డ. ఈ పని పుట్టింది ఆ మూటలోంచే.

అనుకున్నది ఇది: మా చుట్టుపక్కల డబ్బు తీసుకోకుండా పనిచేసే ప్రతి గుంపూ తమ పనిలో వాడే గుడ్డలోంచి ఒక ముక్క ఇస్తుంది. దానిమీద తమ భాషలో ఒకటి రెండు మాటలు కుడుతుంది. నేను ఆ ముక్కలన్నీ కలుపుతాను. పేర్లు ఉండవు, పని మాత్రమే కనిపిస్తుంది.

మొదటి దశ: అడుగు అంటే ఎంత? (ఆగస్టు)

అందరికీ "ఒక అడుగు ముక్క తెండి" అని చెప్పాను. పదిహేను రోజుల్లో 22 ముక్కలు వచ్చాయి. టేపు పెట్టి చూస్తే ఒకటి 11 అంగుళాలు, ఒకటి 14. ఒక పెద్దాయన తన పాదంతో కొలిచి తెచ్చాడు, అది పది ముక్కాలే. సరిగ్గా 12 అంగుళాలు తెచ్చినవాళ్ల ముక్కలు కూడా పనికిరాలేదు. కుట్టుకు నాలుగు వైపులా అర అంగుళం పోతుందని నేను చెప్పనే లేదు. ముప్పై ఏళ్లుగా బట్టలు కుడుతున్నదాన్ని, మార్జిను సంగతి మరిచిపోయాను. 22లో 9 వెనక్కి పంపాల్సి వచ్చింది. మొహమాటం వేరే.

దిద్దుబాటు:

1. చీరల అట్టపెట్టెలు కోసి 13 అంగుళాల చదరాలు 12 తయారు చేశాను.
2. ఒక్కో అట్ట మధ్యలో 11 అంగుళాల కిటికీ కోశాను. గుడ్డమీద అట్ట పెట్టి బయటి అంచు వెంట కత్తిరించాలి, రాత మాత్రం కిటికీ లోపలే ఉండాలి.
3. అట్ట పైఅంచున బాణం గీసి "పైన" అని రాశాను.
4. అట్ట తిరిగి ఇస్తేనే ముక్క తీసుకుంటానని చెప్పాను. లేకపోతే రెండో వీధికే అట్టలన్నీ మాయమయ్యేవి.

అదే నెలలో సంఘంలో ఒక మాట వచ్చింది. "గౌరవంగా శాలువా కప్పేది పోయి బొంతలో కలిపి కుడతారా?" అని ఇద్దరు ముగ్గురు నొచ్చుకున్నారు. బొంత అంటే లేనివాళ్ల కప్పు అని ఒక చిన్నచూపు ఉంది. నేను వాదించలేదు. మా వీధి చివర ఆడపిల్లలకు డబ్బు తీసుకోకుండా కుట్టుపని నేర్పే ఖాలా (పిన్ని) మాత్రం, "మా ఇంట్లో పుట్టిన ప్రతి బిడ్డా గుదడీ మీదే పడుకుంది" అంది. మక్తల్ నుంచి వచ్చి మా పక్కవాటాలో ఉంటున్న కన్నడం మాట్లాడే అమ్మ, "మేం దీన్నే కౌది అంటాం, మా అత్త కుట్టింది ఇంకా ఉంది" అని తెచ్చి చూపించింది. మా ఊరికే రెండు పేర్లు ఉన్నాయి: పాత పాలమూరు ఒకటి, ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పేరుమీద 1890లో వచ్చిన మహబూబ్‌నగర్ ఇంకొకటి. బొంతకు మూడుంటే తప్పా? ఆ కౌది వెనకవైపు కుట్లు చూశాక నా పనితనం మీద నాకున్న గర్వం కాస్త దిగింది.

ఇప్పటికి: పనికొచ్చే ముక్కలు 13. ఖర్చు 140 (టేపు, సుద్దలు, నోటుపుస్తకం). విరిగిన సూదులు 0.

రెండో దశ: ఏ గుడ్డకు ఏ సూది (ఆగస్టు చివర, సెప్టెంబరు)

పనిలో వాడే గుడ్డ తెమ్మంటే నిజంగానే అవే తెచ్చారు. నేను కాటన్, సిల్కు వస్తాయనుకున్నాను. వచ్చినవి: ఆటో సీటు రెగ్జిను, అన్నదానం బియ్యం గోనెసంచి, రక్తదాన బృందం బనియను గుడ్డ చొక్కా, చలివేంద్రం కుండకు చుట్టిన ఎర్రగుడ్డ, గొర్రెల కాపరుల గొంగడి, తండా ఆడవాళ్లు అద్దాలు, గవ్వలు కుట్టిన ముక్కలు. నారాయణపేట చీర గళ్ల ముక్క ఒకటి వచ్చింది. అది తెచ్చిన నేతగాళ్ల ఇంటి కోడలు సాయంత్రాలు పిల్లలకు చదువు చెబుతుంది. మిషను హాయిగా నడిచింది ఆ ఒక్క ముక్క మీదే.

మొదటి వారంలోనే 11 సూదులు విరిగాయి. అనుభవం మీద తేలినది గుడ్డ వారీగా:

రెగ్జిను: 14 నంబరు సూది విరిగింది, 16 వంగింది, 18 నిలిచింది. అయినా మిషను పాదం కింద గుడ్డ కదలదు, అతుక్కుంటుంది. పైన కాస్త ముఖానికి రాసే పౌడరు చల్లితే జారుతుంది. కుట్టు పొడవుగా పెట్టాలి. ముఖ్యంగా, రెగ్జినుకు విప్పడం అనేది లేదు. పడిన చిల్లు పడినట్టే ఉంటుంది. కుట్టుగీత ముందే గీసుకుని ఒకేసారి పోవాలి. నాది మొదటిసారి పావు అంగుళం వంకర పోయింది, ఆ చిల్లులు ఇప్పటికీ కనిపిస్తాయి. ఆటో అన్నకు చూపిస్తే, "సీటు కూడా అలాగే ఉంటుంది లెండి" అన్నాడు.

అద్దాల ముక్కలు: అంచు వరకూ అద్దాలు ఉన్నాయి. మిషను సూది గాజు మీద పడితే విరిగిన మొన ఎగిరి కంటిమీదికి వస్తుంది. నాకు కళ్లజోడు ఉండబట్టి సరిపోయింది. అంచునుంచి అంగుళం దాకా ఉన్న అద్దాలు తీసి లోపలికి కుట్టిపెట్టమని తండాకు వెళ్లి అడిగాను. తీసింది నేనైతే కుట్టుపని చెడిపోయేది. ఆ అద్దం నాలుగు దారాల చట్రంలో బిగించి ఉంటుంది, ఏ దారం ముందు తెంపాలో వాళ్లకే తెలుసు. వాటికి జిప్పు కుట్టే ఒంటికాలి పాదం వాడాను.

గొంగడి: ఉన్ని ముతకది, సాగుతుంది. 13 అంగుళాలు కోసిన ముక్క కుట్టేసరికి పదమూడు ముక్కాలు అయింది. పక్క ముక్క ముడతపడింది. వెనక పలచటి కాటన్ అస్తరు వేసి నాలుగు వైపులా ముందే బిగించుకుంటే ఆగింది. బనియను గుడ్డకూ ఇదే మందు.

గోనె: పీచు ఊడిపోతుంది. కోసిన వెంటనే అంచుకు ఫెవికాల్ సన్నగా రాసి రాత్రంతా ఆరనిచ్చాను. తర్వాతే మిషను కిందికి.

బతుకమ్మ, దసరా దగ్గరపడ్డాక పని పూర్తిగా ఆగింది. జాకెట్ల ఆర్డర్లు మోకాలెత్తు పేరుకున్నాయి. ఇలాంటి పనికి దర్జీని నమ్ముకుంటే ఆ నెలన్నర లెక్కలోంచి తీసేయండి.

ఇప్పటికి: ముక్కలు 47. ఖర్చు 140 + సూదులు 180 + దారం కండెలు పది 250 + అస్తరు గుడ్డ 6 మీటర్లు 360 = 930. విరిగిన సూదులు 11.

మూడో దశ: అక్షరాలు (అక్టోబరు)

అయిదు భాషలు వచ్చాయి: తెలుగు, ఉర్దూ, లంబాడీల గోర్ బోలి, కన్నడం, ఒడియా. నాకు తెలుగు ఒక్కటే చదవడం వచ్చు. ఈ దశలో పాడైన ముక్కలన్నీ నావల్లే పాడయ్యాయి.

ఉర్దూ ముక్క మీద "షుక్రియా" అని ఖాలా కాగితంపై రాసిచ్చింది. కార్బను కాగితం పెట్టి గుడ్డమీదికి దింపింది నేను. కాగితం ఏ వైపు ముఖమో చూసుకోలేదు. ఆమె శిష్యురాలు రెండు రోజులు కూర్చుని నాచురంగు దారంతో గొలుసుకుట్టు కుట్టింది. ఖాలా మనవరాలు వచ్చి చూసి, "దాదీ, దీన్ని అద్దంలో చదవాలా?" అంది. మొత్తం మాట తిరగబడింది. కుట్టిన అమ్మాయికి కూడా అనుమానం వచ్చిందట, "పెద్దవాళ్లు దింపారు కదా" అని ఊరుకుందట.

రెండోసారి దిశ సరిగ్గానే ఉంది. కానీ చుక్కలకు కుట్టు బదులు పూసలు పెడితే అందంగా ఉంటుందని సలహా ఇచ్చాను. ఆ మాటలో అయిదు చుక్కలున్నాయి, పైన మూడు, కింద రెండు. ఇస్త్రీ చేస్తుంటే పైన మూడు పూసలూ ఊడిపోయాయి. ఆ మూడు లేకపోతే ష కాస్తా స అవుతుంది. ఖాలా నవ్వుతూ, "సుక్రియా అని పలికేవాళ్లు కూడా ఉన్నారులే" అంది కానీ ఆ రాత్రే ముడికుట్టుతో మూడు చుక్కలూ తనే వేసి పంపింది.

కన్నడ ముక్కది ఇంకా సిగ్గుచేటు. మక్తల్ అమ్మ కుట్టి ఇచ్చిన "ధన్యవాద" చూసి, తలకట్లు తప్పుగా పడ్డాయనుకున్నాను. మనకు తలకట్టు టిక్కు మార్కులా పైకి లేస్తుంది, ఆమె కుట్టినవి పడుకున్న గీతల్లా ఉన్నాయి. పాపం చూపు ఆనలేదేమో అని, చెప్పకుండా కుట్లు విప్పి మూడు తలకట్లూ "సరిచేశాను". చివర "లు" కూడా చేర్చాను. ఆమె చూసి కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "ఇది కన్నడం అమ్మా, మీరు తెలుగు చేసేశారు" అంది. అంతకుమించి మాట అనకపోవడం ఆమె మంచితనం. ఆ గుడ్డ ఆమె వాళ్ల కాలనీలో పెళ్లిళ్లకు ఉచితంగా ముగ్గులు వేసే గుంపు అందరూ కట్టుకున్న ఒకే తాను చీరలోంచి తెచ్చింది. రెండో ముక్క దొరకడానికి పదకొండు రోజులు పట్టింది.

గోర్ బోలికి సొంత లిపి లేదు. రెండు తండాల వాళ్లూ తెలుగు అక్షరాల్లోనే కుట్టారు, ఒకే మాటను ఒక తండా ఒక రకంగా, ఇంకో తండా ఇంకో రకంగా. ఏది సరైనదని అడగబోయి, కన్నడ ముక్క గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. రెండూ ఉన్నాయి.

ఒడియా ముక్క ఇటుక బట్టీలకు సీజనులో వచ్చే కుటుంబాల పిల్లలది. వాళ్లకు సాయంత్రాలు అక్షరాలు నేర్పే యువకుడు తెచ్చాడు. ఒక పిల్లవాడి తండ్రి రాసిచ్చిన రెండు మాటలవి. మాలో ఎవరికీ చదవరాదు. అప్పుడు పెట్టుకున్న నియమం ఇది, పనిలో దిగేవాళ్లకు ఇది చాలా ముఖ్యం:

1. రాత దింపేముందు కాగితం ముఖంవైపు నాలుగు మూలలా సుద్దతో గుర్తు.
2. కుట్టడానికి ముందు ఫోటో తీసి ఆ భాష వచ్చిన ఇద్దరికి విడివిడిగా పంపాలి. ఏం రాశామో వాళ్లకు చెప్పకూడదు. చదివి వినిపించమనాలి.
3. ఇద్దరూ ఒకటే చదివితేనే సూది పట్టాలి.
4. తమకు రాని భాషలో ఎవరూ ఏమీ సరిచేయరాదు. ఇది నాకోసం రాసుకున్నది.

ఇప్పటికి: ముక్కలు 61. పాడైనవి, మళ్లీ చేసినవి 3. ఖర్చు మారలేదు.

నాలుగో దశ: కలపడం, రంగు దిగడం (నవంబరు మొదటి సగం)

70 ముక్కలు పూర్తయ్యాయి. పది నిలువు వరసలు, ఏడు అడ్డ వరసలు. అంచు కాకుండా 120 అంగుళాలు, 84 అంగుళాలు రావాలి.

మొదటి మూడు అడ్డ వరసలు కుట్టి కొలిస్తే ఒకటి 120, ఒకటి 118 ముక్కాలు, ఒకటి 121న్నర. ఒక్కో అతుకు దగ్గర అరచేతి కొలతలో తెలియని తేడా, అంగుళంలో ఎనిమిదో వంతు. వరసకు తొమ్మిది అతుకులు. తొమ్మిది ఎనిమిదో వంతులు కలిస్తే అంగుళం దాటుతుంది. జాకెట్టులో అయితే ఈ తేడా ఒంటిమీద సర్దుకుంటుంది, ఇక్కడ సర్దుకోదు. సూదికి సరిగ్గా అర అంగుళం దూరంలో మిషను పలక మీద అట్టముక్క అతికించి, గుడ్డ అంచు దానికి ఆనించి నడిపాను. మిగతా నాలుగు వరసలూ పావు అంగుళం తేడాలోపే వచ్చాయి. మొదటి మూడింట్లో రెండు విప్పాను.

నవంబరు 9 రాత్రి అసలు దెబ్బ తగిలింది. అతుకులు అణిగేందుకు నీళ్లు చిలకరించి ఇస్త్రీ చేస్తున్నాను. నాలుగో వరసలో ఒక తెల్ల ముక్క ఉంది. అనాథ శవాలకు ఎవరి ఆచారం ప్రకారం వాళ్లకు దహనమో ఖననమో చేసే బృందం, అందుకోసమే కొని ఉంచే తానులోంచి చింపి ఇచ్చింది. దానిమీద అక్షరాలు వద్దన్నారు, ఏమీ కుట్టలేదు. దాని కుడిపక్కన తండా నుంచి వచ్చిన ముదురెరుపు ముక్క. పెట్టె తీసేసరికి తెలుపులోకి అంగుళంన్నర మేర గులాబీ రంగు పాకింది. చెమ్మ ఇంకా ఉండటంవల్ల నా కళ్లముందే ఇంకో రెండు గీతలు ముందుకు నడిచింది. ఇస్త్రీపెట్టె పక్కన పెట్టి పొడిగుడ్డ అద్దాను. ఆగింది కానీ పోలేదు.

మర్నాడు ఆ బృందం పెద్దాయనకు కబురు పంపాను. వచ్చి చూశాడు. పరవాలేదు, ఉంచేయమంటాడని లోలోపల ఆశ. అనలేదు. "మేం మరక ఉన్న గుడ్డ ఎవరికీ కప్పమమ్మా, మార్చండి" అని, సాయంత్రానికి కొత్త ముక్క చింపి తెచ్చాడు. నాలుగు వైపులా 48 అంగుళాలు విప్పి మళ్లీ కుట్టాను.

ఆ ఎరుపు ముక్కను వేడి నీళ్లలో, తర్వాత ఉప్పునీళ్లలో నానబెట్టి చూశాను. ఉప్పు రంగును పట్టేస్తుందని అందరం నమ్ముతాం. మూడుసార్లు మార్చినా నీళ్లు ఎర్రగానే వచ్చాయి. చివరకు ఇలా చేశాను:

1. ప్రతి ముక్క మూల తడిపి, తెల్ల రుమాలు మీద పెట్టి, వేడి పెట్టెతో పది లెక్కపెట్టేదాకా నొక్కాలి.
2. రుమాలుకు రంగు అంటితే ముక్క వెనక "ర" అని రాయాలి. 70లో 11 తేలాయి.
3. "ర" ముక్క పక్కన తెలుపు, పసుపు రాకూడదు.
4. కలిపాక నీళ్లు తగలకూడదు. ఈ బొంతకు ఉతుకు లేదు. నీడలో ఆరేసి బ్రష్షుతో దులపడమే.

ఈ పరీక్ష కలపకముందు చేయాల్సింది. నేను కలిపాక చేశాను.

ఇప్పటికి: ముక్కలు 70. ఖర్చు 930 + అంచు గుడ్డ 3 మీటర్లు 270 = 1,200. విరిగిన సూదులు 14.

అయిదో దశ: ఎవరు పైన, ఎవరు కింద

చోటు కోసం కలపకముందే చీటీలు వేశాం. ఒక పాప తీసింది. గొడవ రాదనుకున్నాను. దర్గా ఉర్సులో వచ్చినవాళ్లందరికీ భోజనం పెట్టే గుంపు ఆకుపచ్చ గుడ్డ ఇచ్చింది. హనుమాన్ గుడి దగ్గర అన్నదానం చేసే కుర్రాళ్లు కాషాయం ఇచ్చారు. రెండూ చీటీలో కింది వరసలకు పడ్డాయి. ఉదయం ఒకరు, సాయంత్రం ఒకరు వచ్చారు. ఇద్దరిదీ ఒకే మాట: కాళ్లకు తగిలేచోట వద్దు. ఒకరు వచ్చినట్టు ఇంకొకరికి తెలియదు.

పైకి మారిస్తే చీటీకి విలువ ఉండదు. టేపు తీసుకుని సంఘం హాలుకు వెళ్లాను. దూలం 12 అడుగుల ఎత్తున ఉంది. బొంత పైఅంచు 11 అడుగుల దగ్గర కడితే, ఏడున్నర అడుగులు పోగా కింది అంచు నేలకు మూడున్నర అడుగుల పైన ఉంటుంది. పెద్దమనిషి నడుమెత్తు. "ఇంతకన్నా కిందికి ఏ ముక్కా రాదు" అని గోడమీద సుద్దగీత గీసి ఇద్దరినీ పిలిచి చూపించాను. సరేనన్నారు.

రంగు దిగే ముక్కలు కాక, చీటీని ఒక్క విషయంలోనే దాటాం. గొంగడి, రెగ్జిను, గోనె బరువు. కింద ఉంటే పైఅతుకులను లాగుతాయి. వాటిని పై రెండు వరసల్లోకి మార్చాను. ఆటో సీటు అందరికన్నా పైన చేరింది.

ఆరో దశ: అస్తరు, చేతికుట్టు (నవంబరు రెండో సగం)

వెనకకు పాత చీరలు. చీర పన్నా (వెడల్పు) 45 అంగుళాలు, రెండు పన్నాలు పక్కపక్కన వేస్తే 90, బొంత ఎత్తు 90, సరిపోయిందని కుట్టేశాను. అతుకులో ఒక అంగుళం పోయింది, అంచు మడతకు రెండు కావాలి. మూడు అంగుళాలు తక్కువ. మధ్యలో అంచుగుడ్డ మిగులు 5 అంగుళాల పట్టీ వేసి 93 చేశాను. వెనక నడిమధ్య నీలం గీతలా కనిపించేది అదే. డిజైను అనుకుని మెచ్చుకున్నవాళ్లకు నేనేమీ చెప్పలేదు.

బొంత అంటే లోపల నాలుగు పొరలైనా ఉండాలని పెద్దవాళ్ల పట్టు. వేలాడదీయాలి కాబట్టి ఒక్క పొరకే ఒప్పించాను.

నేలమీద పరిచి చుట్టూ కూర్చుని కుడితే కాళ్లు తగులుతాయి, దాటాల్సి వస్తుంది. అందుకని టెంట్‌హౌస్ బల్లలు నాలుగు కలిపి వాటిమీద పరిచాం. ఏడుగురం: ఖాలా, మక్తల్ అమ్మ, తండా నుంచి ఇద్దరు యాడీలు (అమ్మలు), మా వదిన, పక్కవీధి టీచరమ్మ, నేను. రెండు అంగుళాలకు ఒక వరస, మొత్తం 42 వరసలు. పది అడుగుల వరస ఒకరు కుట్టడానికి 50 నిమిషాలు. అంటే 35 గంటలు. ఏడుగురం, రోజుకో గంట, అయిదు సాయంత్రాలు.

ఆరు రోజులకు పైగా పట్టింది. ఎవరికి దగ్గరున్న అంచునుంచి వాళ్లు మొదలుపెట్టాం. రెండో రోజుకు మధ్యలో గుడ్డ పూరీలా ఉబ్బింది. వెనకచూస్తే అస్తరు మడతలు పడి కుట్టుకుపోయింది. ఆరు వరసలు విప్పాం. పెద్ద యాడి మొదట్నుంచీ "నడిమి నుంచి" అంటూనే ఉందట. మేం మాటల్లో పడి వినలేదు. ముందు అరచేయంత దూరంలో పెద్ద టాకాలు వేసి మూడు పొరలనూ కదలకుండా పట్టేశాం. ఆ తర్వాత మధ్య వరస నుంచి బయటికి కుట్టాం. అద్దాలు, రెగ్జిను, గొంగడి మీదుగా చేతిసూది పోదు. అక్కడ నాలుగు మూలల్లో ముడి మాత్రమే.

కుట్టు పొడవు అందరిదీ ఒకటి కాదు. ఖాలాది బియ్యపు గింజంత, మా వదినది కందిగింజ దాటి చిక్కుడు గింజంత. విప్పి సమం చేద్దామా అని అడిగితే టీచరమ్మ, "ఎవరు కుట్టింది ఏ వరసో రేపు తెలియాలిగా" అంది.

ఇప్పటికి: ఖర్చు 1,200 + చాయ్, మిర్చీలు 640 = 1,840. విరిగిన సూదులు 19 (ఈ దశలో విరిగిన అయిదూ చేతిసూదులు).

ఏడో దశ: వేలాడదీయడం (డిసెంబరు 1 నుంచి 4)

పిల్లలమర్రి అనే పాత మర్రిచెట్టు దగ్గర పెడదామన్నారు కొందరు. ఊరికి దగ్గర, అందరూ వస్తారు. ఆ చెట్టుకు చెద పట్టి, 2018లో సెలైను సీసాలతో మందు ఎక్కించి కాపాడుకున్నారు. దానికి తాళ్లు కట్టాలన్న ఆలోచన ఎవరికి వచ్చినా నేను ఒప్పుకోను. పైగా గాలి. హాలే ఖాయమైంది.

మొదట అంగుళం ప్లాస్టిక్ గొట్టం కొన్నాను, 220. బొంత ఎక్కించగానే మధ్యలో నాలుగున్నర అంగుళాలు వంగింది, కింది వరసలు నవ్వుతున్న నోరులా వంకరపోయాయి. టెంట్‌హౌస్ నుంచి ఇనుప గొట్టం అద్దెకు తెచ్చాను, 100. రెండు చివర్లకే కాక మధ్యలో మూడో తాడు కట్టాను. వంపు అర అంగుళానికి దిగింది. పైన రింగులు పెడితే రింగు దగ్గరే బరువు పడి గుడ్డ చిరుగుతుంది. అందుకని వెనక పైఅంచు పొడవునా నాలుగు అంగుళాల మడత కుట్టి, గొట్టం అందులోంచి దూర్చాను.

ఇప్పటికి: ఖర్చు 1,840 + గొట్టాలు, తాళ్లు 380 = 2,220.

డిసెంబరు 5, తర్వాత

వేదిక వేయలేదు. ఉపన్యాసాలు లేవు. వచ్చినవాళ్లు తమ ముక్క వెతుక్కోవడం, పక్క ముక్క ఎవరిదని అడగడం, ఎదురుగా ఉన్నవాళ్లు చెప్పడం, అదే జరిగింది. పిల్లలు నాలుగు అద్దాలు పీకారు. తెల్ల ముక్క మీద వేలిముద్రలు పడ్డాయి. మరుసటిసారి ముందు తాడు కట్టాలి, మూడడుగుల దూరంలో.

సాయంత్రం ఒకామె వచ్చి చలివేంద్రం ఎర్రగుడ్డ ముందు చాలాసేపు నిలబడింది. ఆ ముక్క ఇచ్చింది కుండలు కొనిచ్చిన దుకాణంవాళ్లు. ఈమె రెండు వేసవులుగా పొద్దున ఆరింటికి బోరింగు దగ్గర నీళ్లు పట్టి ఆ కుండలు నింపింది. "నీళ్లు పోసింది ఎక్కడుందమ్మా ఇందులో?" అని అడిగింది. నా నోటుపుస్తకం తిరగేశాను. చలివేంద్రం పేరు ఎదురుగా దుకాణం పేరే ఉంది. ప్రతి గుంపులో ఒకరినే అడిగి రాసుకున్నాను, ఆ ఒకరు ఎప్పుడూ డబ్బు పెట్టినవాళ్లో మాట్లాడగలిగినవాళ్లో. మళ్లీ చేసేవాళ్లు గుంపుకు ముగ్గురిని అడగండి, అందులో ఒకరు చేత్తో పనిచేసేవాళ్లు అయి ఉండాలి.

మూడో రోజు ఆమె తన చుట్టకుదురు తెచ్చిచ్చింది. విప్పితే నాలుగు అంగుళాల వెడల్పు, ఏడు అడుగుల పొడవున్న పాతచీర పేలిక. కుండ బరువుకు మధ్య మడతలు అట్టలా బిగుసుకుపోయాయి. చదరంగా కత్తిరిస్తే చుట్టకుదురు అని ఎవరికీ తెలియదు. అందుకని దాన్ని చుట్టలాగే చుట్టి, గుండ్రంగా చేతితో కుట్టాను. ముందువైపు చోటు లేదు. వెనకవైపు, సరిగ్గా ఎర్రగుడ్డ వెనక అమర్చాను. సూది అస్తరు, లోపలి పొర వరకే పోవాలి, ముందుకు రాకూడదు. వేలితో కింద తడుముతూ కుడితే తెలుస్తుంది.

ఆ సంగతి పాకిపోయింది. జనవరి నెలాఖరుకు వెనకవైపు ఆరు ముక్కలయ్యాయి. బరువు 7 కిలోల 900. బొంతను ఇప్పుడు గోడకు ఆనించకుండా హాలు మధ్యలో కడుతున్నాం, మూడు తాళ్లు అయిదయ్యాయి. ఏడో ముక్క హాలు ఊడ్చే అమ్మది. చీపురు కట్టే తాడు తెస్తానంది. తాడును గుడ్డమీద ఎలా నిలబెట్టాలో ఇంకా తేల్చుకోలేదు.